హస్తవాసి

"ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిదండీ, ఆయన బిళ్ళ వేసుకుంటే నొప్పి చేత్తో తీసేసినట్లు పోతుంది" అన్న మాట మన ఇళ్ళల్లో విననివారుండరు. అదే బిళ్ళ, అదే కంపెనీది, పక్కవీధి డాక్టరు రాసిస్తే మాత్రం గుణమివ్వదట! చదువుకున్న పిల్లలు ఇది విని నవ్వుతారు. "బిళ్ళలో ఉన్న మందు ఎవరిస్తే ఏమిటమ్మా, లోపలికి వెళ్ళాక దాని పని అది చేస్తుంది కదా!" అంటారు. మాట సబబుగానే ఉంటుంది. తల్లికి బదులు చెప్పడం చేతకాదు. అయినా మళ్ళీ నొప్పి వచ్చిన రోజున పాత డాక్టరు దగ్గరికే వెళుతుంది.

ఆమె చెప్పలేకపోయిన ఆ బదులు కోసం ఐరోపా, అమెరికా వైద్యులు రెండువందల ఏళ్ళకు పైగా తంటాలు పడ్డారు. చివరికి చాలామటుకు దొరికింది కూడా. కాని అది దొరికేలోగా "నీ నొప్పి వట్టి భ్రమ" అనిపించుకుని చిన్నబోయిన రోగులు ఎందరో ఉన్నారు. అందుకే ఈ కథ మనం తెలుసుకోదగ్గది.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఎలైషా పెర్కిన్స్ అనే వైద్యుడు మూడేసి అంగుళాల లోహపు పుల్లలు రెండు తయారుచేసి, 1796లో వాటికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఒకటి పసుపు వన్నెది, రెండోది వెండి వన్నెది. వాటికి "ట్రాక్టర్లు" అని పేరు. పొలం దున్నే ట్రాక్టర్లు అప్పటికింకా పుట్టలేదు లెండి. ఆ మాటకు "లాగేవి" అని అర్థం. నొప్పి ఉన్నచోట వీటితో కాసేపు నిమిరితే బాధనంతా బయటికి లాగేస్తాయని ఆయన చెప్పాడు. తోటి వైద్యులకు ఒళ్ళు మండింది. 1797లో రాష్ట్ర వైద్యసంఘం ఆయన్ని వెలివేసింది. వెలి వేస్తే మాత్రం వ్యాపారం ఆగుతుందా? ఆయన కొడుకు ఆ పుల్లల్ని లండన్ తీసుకువెళ్ళి జత అయిదు గినీలకు అమ్మాడు. కూలివాడు వారాల తరబడి రెక్కలు ముక్కలు చేసుకుంటే గాని కళ్ళజూడని సొమ్మది.

ఇంగ్లండులో వేడినీటి ఊటలకు పేరుపొందిన బాత్ అనే ఊరుంది. కీళ్ళనొప్పుల వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి చేరేవారు. పుల్లల ఖ్యాతి ఆ ఊళ్ళోనూ పాకింది. గొప్పింటివాళ్ళూ, తెలివైనవాళ్ళూ కూడా వాటిని మెచ్చుకుంటూంటే జాన్ హేగార్త్ అనే వైద్యుడికి అనుమానం వచ్చింది. ఈయన సామాన్యుడు కాడు. చెస్టర్ నగరం ఆస్పత్రిలో అంటుజ్వరాల రోగులకు వేరుగా గదులు ఏర్పాటు చేయించి పేరు తెచ్చుకున్నవాడు.

హేగార్త్ ఏం చేశాడంటే, కొయ్యతో అచ్చం అలాంటి పుల్లలే చేయించి లోహంలా కనబడేట్టు రంగు వేయించాడు. 1799 జనవరిలో బాత్ ఆస్పత్రిలో చాలాకాలంగా కీళ్ళవాతంతో బాధపడుతున్న అయిదుగురికి ఆ కొయ్యపుల్లలతో వైద్యం చేశాడు. అయిదుగురిలో నలుగురు హాయిగా ఉందన్నారు! ఒకతను మోకాలు వెచ్చబడిందని చెప్పి, సంతోషంగా నడిచి చూపించాడు. ఇంకొకరికి తొమ్మిది గంటలసేపు నొప్పి తెలియలేదు. మర్నాడు అసలు లోహపు పుల్లలతో నిమిరారు. ఫలితం ఇంచుమించు అంతే. లోహమైనా కొయ్య అయినా తేడా లేదని తేలిపోయింది.

మరుసటి ఏడు, అంటే 1800లో, హేగార్త్ ఇదంతా ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో మనకు కావలసిన సంగతి ఒకటుంది. ఒకే మందు పేరున్న వైద్యుడు ఇచ్చినప్పుడు బాగా పనిచేసి, పేరు లేనివాడు ఇచ్చినప్పుడు అంతగా పనిచెయ్యకపోవడానికి కారణం కూడా ఇదేనని ఆయన రాశాడు. మనవాళ్ళు హస్తవాసి అన్నదాన్నే ఆయన గమనించాడన్నమాట. కాని దానికి ఆయన పెట్టిన పేరు "ఊహాశక్తి". ఆ పేరుతోనే చిక్కు వచ్చింది. ఊహవల్ల పోయిన నొప్పి ఊహవల్లే వచ్చి ఉండాలి కదా అని తర్వాతివాళ్ళు తేల్చేశారు.

ఇలాంటి ఉత్తుత్తి మందుకు వైద్యులు "ప్లాసీబో" అని పేరు పెట్టుకున్నారు. అది లాటిన్ మాట, "నేను మెప్పిస్తాను" అని అర్థం. పాతకాలం ఐరోపాలో చనిపోయినవారి కోసం చేసే ప్రార్థన ఆ మాటతో మొదలయ్యేది. చావింట తిండికోసమో డబ్బుకోసమో చేరి ఆ ప్రార్థన పాడే కిరాయి మనుషులుండేవారు. దాంతో ఆ మాటకు ముఖస్తుతి చేసేవాడన్న అర్థం పట్టుకుంది. అలాంటి మాట పద్దెనిమిదో శతాబ్దం చివరికి వైద్య నిఘంటువుల్లోకి ఎక్కింది. రోగాన్ని కుదర్చడానికి కాక రోగిని మెప్పించడానికి ఇచ్చే మందు అని దానికి అర్థం చెప్పారు. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1807లో రాసిన ఒక ఉత్తరంలో, తనకు తెలిసిన గొప్ప వైద్యుడొకాయన మిగతా మందులన్నీ కలిపినా అన్ని వాడలేదనీ, రొట్టెముద్ద ఉండలూ, రంగునీళ్ళ చుక్కలూ, కట్టె బూడిద పొడీ అంతకంటె ఎక్కువ వాడాననీ చెప్పినట్లు ప్రస్తావించాడు. మంచికోసం చేసే మోసమని ఆయన దాన్ని సమర్థించాడు కూడా.

మోసమన్న మాట అలాగే నిలిచిపోయింది. నూటముప్పై ఏళ్ళకు పైగా గడిచాక, రెండో ప్రపంచయుద్ధంలో, హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తుడాక్టరు ఇటలీ యుద్ధరంగంలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేశాడు. ఎముకలు విరిగి, పొట్టలు చీలి వచ్చినవాళ్ళని "నొప్పికి మందు ఇమ్మంటావా?" అని అడిగితే మూడొంతుల మంది అక్కర్లేదన్నారు! యుద్ధం ముగిశాక ఆస్పత్రిలో ఆపరేషను చేయించుకున్న మామూలు జనాన్ని అడిగితే అత్యధికులు మందు కావాలన్నారు. ఈ తేడా ఎందుకొచ్చింది? సైనికుడికి గాయమంటే తుపాకుల మధ్యనుంచి ప్రాణంతో బయటపడి ఇంటికి పోవడం. ఇంట్లోంచి ఆస్పత్రికి వచ్చినవాడికి అదే గాయం పెద్ద ఆపద. నొప్పి ఎంతన్నది గాయం ఒక్కటే నిర్ణయించదని బీచర్ గ్రహించాడు. 1955లో ఆయన 15 అధ్యయనాలను, 1,082 మంది రోగుల వివరాలను పోగుచేసి, సగటున నూటికి 35 మందికి ఉత్తుత్తి మందుతో ఉపశమనం కలిగిందని రాశాడు. ఆ లెక్క మరీ ఎక్కువని తరువాతివాళ్ళు తప్పుపట్టారు గాని, ఉత్తుత్తి మందు గురించి డాక్టర్లు గట్టిగా ఆలోచించడం అప్పటినుంచే పెరిగింది.

ఇక అసలు మలుపు 1978లో వచ్చింది. దానికి మూడేళ్ళ ముందు, 1975లో, మన మెదడులోనే నల్లమందు తరహా నొప్పి తగ్గించే పదార్థాలు తయారవుతాయని స్కాట్లండులో కనుక్కున్నారు. నల్లమందు జాతి మందుల పని జరగనివ్వకుండా అడ్డుపడే నలాక్సోన్ అనే మందు అప్పటికే ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ముగ్గురు పరిశోధకులు జ్ఞానదంతాలు తీయించుకున్నవాళ్ళ మీద దీన్ని ప్రయోగించారు. ఉత్తుత్తి సూదితో నొప్పి తగ్గినవాళ్ళకి నలాక్సోన్ ఇస్తే తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగింది! వట్టి ఊహే అయితే మందుతో దాన్ని చెడగొట్టడం సాధ్యమా? నొప్పి తగ్గిందని ఆ మనిషి మనసులో అనుకున్నప్పుడు ఒంట్లో నిజంగానే మందు ఊరిందన్నమాట. ఈ ప్రయోగం మీద వాదోపవాదాలు జరిగాయి. తరువాత వచ్చిన పరిశోధనలు దాన్ని బలపరిచాయి. 2009లో జర్మనీలోని హాంబర్గులో స్కానింగు యంత్రంతో చూస్తే, నొప్పి కబురు మెదడుకు చేరకముందే వెన్నుపాము దగ్గరే తగ్గిపోతున్నట్లు కనబడింది.

కాని ప్రయోగశాలలో తేలిన నిజం ఆస్పత్రి వార్డులోకి రావడానికి చాలా కాలం పడుతుంది. అమెరికాలో ఒక ఆస్పత్రి యువ డాక్టర్లనూ నర్సులనూ ప్రశ్నించి 1979లో ఒక వ్యాసం ప్రచురించారు. ఉత్తుత్తి సూదులు ఎవరికి ఇస్తారని అడిగితే, తమకు గిట్టనివాళ్ళకి, మాటిమాటికి పిలిచి విసిగించేవాళ్ళకి, నొప్పి ఎక్కువచేసి చెబుతున్నారని అనుమానం ఉన్నవాళ్ళకి అని తేలింది. నీళ్ళ సూదితో తగ్గితే నీ నొప్పి అబద్ధమని రుజువైనట్లేనని వాళ్ళ నమ్మకం. ఎంత అన్యాయం చూడండి! పళ్ళు ఊడబెరికిన నొప్పి కూడా నీళ్ళ సూదితో తగ్గిందే, అది అబద్ధపు నొప్పా? "ఆడవాళ్ళకి అన్నీ నొప్పులే, ఒంట్లో ఏం లేదు, మనసులోనే ఉంది" అన్న మాట ఏదో ఒక రోజున పడని ఆడది ఉందా? ఆ మాట అన్నవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇది. నొప్పి ఎలా తగ్గిందన్నదాన్ని బట్టి అది నిజమో కాదో చెప్పలేరు.

సరే, ఒంట్లో మందు ఊరుతుంది. ఒకరికి ఊరి ఇంకొకరికి ఊరదెందుకు? ఒకే మనిషికి ఒక డాక్టరు దగ్గర ఊరి మరొకరి దగ్గర ఊరదెందుకు? హస్తవాసి ముడి ఇక్కడే ఉంది.

ముందు ఆడవాళ్ళకే సంబంధించిన ప్రయోగం ఒకటి చెబుతాను. తలనొప్పికి తరచు బిళ్ళలు వేసుకునే 835 మంది స్త్రీలతో ఇంగ్లండులో చేసిన పరీక్ష ఫలితాలు 1981లో వెలువడ్డాయి. వాళ్ళని నాలుగు జట్లు చేశారు. కొందరికి పేరున్న కంపెనీ డబ్బాలో నిజం ఆస్పిరిన్, కొందరికి పేరూ ఊరూ లేని డబ్బాలో అదే ఆస్పిరిన్. మిగతా రెండు జట్లకీ ఉత్తుత్తి బిళ్ళలే, కాకపోతే ఒక జట్టుకు పేరున్న డబ్బాలో, ఇంకో జట్టుకు పేరులేని డబ్బాలో ఇచ్చారు. నిజం మందు ఉత్తుత్తి మందు కంటె బాగా పనిచేసింది, అందులో ఆశ్చర్యం లేదు. కాని నిజం మందైనా ఉత్తుత్తిదైనా, తెలిసిన డబ్బాలోంచి వచ్చినప్పుడే ఎక్కువ గుణమిచ్చింది. ఏళ్ళ తరబడి చూసిన డబ్బా, ఎన్నోసార్లు తలనొప్పి తగ్గించిన డబ్బా కదా మరి.

పాత అనుభవం బలమెంతో 1985లోనూ ఆ తరువాతా ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మనుషుల చేతికి కొద్దిగా నొప్పి కలిగించి, ఉత్తుత్తి పూతమందు రాసి, తరువాత వాళ్ళకి తెలియకుండా నొప్పినే తగ్గించేశారు. పూతమందు గుణమిచ్చిందని వాళ్ళు అనుకున్నారు. ఆ పైన నొప్పిని మళ్ళీ మొదటిలాగే పెంచారు. అయినా పూత రాసినప్పుడల్లా వాళ్ళకి నొప్పి తక్కువగానే తెలిసింది! "ఇది మంచి మందు" అని నోటితో చెప్పడం కంటె ఒకసారి తగ్గినట్లు అనుభవమయితేనే ఫలితం ఎక్కువగా ఉంది.

ఈ సంగతి మన తెనాలి రామకృష్ణుడి పిల్లికి ఎప్పుడో తెలుసు. మరుగుతున్న పాలు పెట్టి మూతి కాల్పించిన తరువాత ఆ పిల్లి చల్లటి పాలు చూసినా పారిపోయింది కదా. మంచి అనుభవం నొప్పిని తగ్గించినట్లే చేదు అనుభవం మంచి మందుని కూడా దగ్గరికి రానివ్వదు. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఫాబ్రిజియో బెనెడెట్టి, లువానా కొలోకా 2006లో ప్రకటించిన పరిశోధన ఇదే చెబుతుంది. మొదట బాగా పనిచేసిన చికిత్స రుచి చూసినవాళ్ళకి తరువాత ఇచ్చిన ఉత్తుత్తి మందు కూడా బాగా పనిచేసింది, ఆ గుణం కొన్ని రోజుల దాకా నిలిచింది. మొదట పనిచెయ్యని చికిత్స పొందినవాళ్ళకి మాత్రం అదే ఉత్తుత్తి మందు అంతంతమాత్రంగానే పనిచేసింది. మొదటి మందు వమ్మయితే ఆ దెబ్బ రెండో మందు మీద కూడా పడుతుందన్నమాట.

అంతకు ముందే, 1999లో, అదే ట్యూరిన్‌లో ఇంకో విచిత్రం బయటపడింది. ముందు మార్ఫిన్ ఇచ్చి అలవాటు చేసి తరువాత ఉత్తుత్తి సూది వేస్తే, ఆ ఉపశమనాన్ని నలాక్సోన్ అడ్డుకుంది. మార్ఫిన్ జాతికి చెందని వేరే నొప్పిమందుతో అలవాటు చేస్తే, ఆ తరువాతి ఉత్తుత్తి ఉపశమనాన్ని నలాక్సోన్ ఏమీ చెయ్యలేకపోయింది. అంటే ఒళ్ళు నొప్పి తగ్గిందన్న సంగతితో పాటు ఏ దారిన తగ్గిందో కూడా గుర్తుపెట్టుకుంటుంది! మనం మరిచిపోయినా అది మరిచిపోదు.

మరి మనకు సొంత అనుభవం లేనప్పుడో? పక్కింటావిడ అనుభవం ఉంటుందిగా! బాత్ నగరంలో పుల్లల ఖ్యాతి జనం చెప్పుకోగానే పాకింది. దీన్ని కూడా 2009లో ట్యూరిన్‌లో పరీక్షించి చూశారు. ఒకతను కరెంటు షాకులు తింటూంటే కొందరిని ఎదురుగా కూర్చోబెట్టారు. ఎర్రదీపం వెలిగినప్పుడు అతను నొప్పి అన్నాడు, పచ్చదీపం వెలిగినప్పుడు లేదన్నాడు. తరువాత చూసినవాళ్ళ వంతు వచ్చింది. రెండు దీపాలకీ ఒకే బలంతో షాకిచ్చినా పచ్చదీపం వెలిగినప్పుడు వాళ్ళకి నొప్పి తక్కువగా తెలిసింది. స్వయంగా అనుభవించి నేర్చుకున్నవాళ్ళకి ఎంత తగ్గిందో కేవలం చూసి నేర్చుకున్నవాళ్ళకీ ఇంచుమించు అంతే తగ్గింది. ఎదుటివారి బాధకి ఎక్కువగా కరిగిపోయేవాళ్ళకి ఇంకా ఎక్కువ తగ్గింది. జాలిగుండె ఉండటం ఇలా కూడా పనికొస్తుందని ఎవరనుకున్నారు!

ఇచ్చే మనిషి ప్రమేయం కూడా తక్కువేమీ కాదు. ఆపరేషను అయినవాళ్ళకి డాక్టరు మంచం పక్కన నిలబడి చెప్పి ఇచ్చినప్పటి కంటె, యంత్రం ద్వారా వాళ్ళకి తెలియకుండా ఎక్కించినప్పుడు అదే నొప్పిమందు ఎక్కువ మోతాదు కావలసి వచ్చిందని 2004లో ట్యూరిన్ బృందమే రాసింది. 2008లో అమెరికాలో టెడ్ కాప్చుక్ బృందం కడుపునొప్పి, విరేచనాల తేడాలతో బాధపడే 262 మందిని మూడు జట్లు చేసింది. ఏ వైద్యమూ లేకుండా ఎదురుచూసినవాళ్ళలో నూటికి 28 మంది ఊరట కలిగిందన్నారు. ముక్తసరిగా మాట్లాడి ఉత్తుత్తి సూదులతో వైద్యం చేస్తే 44 మంది. అవే ఉత్తుత్తి సూదులు, కాని కూర్చోబెట్టి, కష్టసుఖాలు విని, ధైర్యం చెప్పి చేస్తే 62 మంది!

మాట మేలు చేసినట్లే కీడూ చేస్తుంది. కాన్పుకు వచ్చిన 140 మంది స్త్రీలకు వెన్నులో మత్తు ఇచ్చేముందు చర్మానికి చిన్న సూది వెయ్యాలి. సగం మందికి "ఇక్కడ మొద్దుబారుతుంది, మీకు హాయిగా ఉంటుంది" అని చెప్పారు. మిగతా సగానికి "పెద్ద తేనెటీగ కుట్టినట్లుంటుంది, ఇదే అన్నిటికంటె కష్టం" అన్నారు. సూది ఒకటే. తేనెటీగ మాట విన్నవాళ్ళకి నొప్పి ఎక్కువైంది. 2010లో అచ్చయిన పరిశోధన ఇది.

ఇదంతా విని నమ్మకముంటే చాలు, మందులెందుకని అనుకోకండి. 2001లో కోపెన్‌హేగన్ పరిశోధకులిద్దరు 114 పరీక్షలను కలిపి చూసి, ఉత్తుత్తి మందు వల్ల నొప్పి విషయంలో కాస్త ప్రయోజనం కనబడుతోంది గాని మిగతావాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదన్నారు. నొప్పి తగ్గినంత మాత్రాన రోగం తగ్గినట్లు కాదు. పెర్కిన్స్ కథ ముగింపు చూడండి. హేగార్త్ కొయ్యపుల్లలతో పరీక్ష చేసిన ఆ 1799లోనే న్యూయార్కులో పచ్చజ్వరం చెలరేగింది. పెర్కిన్స్ తాను కనిపెట్టిన మరో మందు మీద గురితో అక్కడికి వెళ్ళి రోగులకు సేవచేశాడు. ఆ జ్వరమే తగిలి చనిపోయాడు. ఆయన నమ్మకంలో లోపమేమీ లేదు. పచ్చజ్వరానికి నమ్మకంతో పనిలేదు, అంతే.

రోగిని మోసం చెయ్యకుండానే ఈ మేలు పొందలేమా అని కూడా ఆలోచించారు. కాప్చుక్ బృందమే 2010లో 80 మందిని తీసుకుని, వాళ్ళలో కొందరికి "ఇందులో మందేమీ లేదు, ఉత్తుత్తి బిళ్ళ" అని చెప్పి మరీ ఇచ్చి చూసింది. అయినా బిళ్ళ వేసుకోనివాళ్ళ కంటె వేసుకున్నవాళ్ళకే ఎక్కువ ఊరట కలిగింది. అబద్ధం లేకపోయినా శ్రద్ధ ఉంటే పని జరుగుతుందని దీన్ని బట్టి అనిపిస్తుంది.

కాబట్టి హస్తవాసి అన్నది మూఢనమ్మకమూ కాదు, మంత్రమూ కాదు. ఒకప్పుడు ఆ చేతిమీదుగా మన నొప్పి తగ్గిన జ్ఞాపకం అది. ఇరుగుపొరుగు వారికి తగ్గగా చూసిన సాక్ష్యం కూడా అందులో ఉంది, ఆ చెయ్యి చాచిన మనిషి ఆదరణ కూడా ఉంది. నిజమైన మందు సైతం వీటి సాయంతో ఇంకా బాగా పనిచేస్తుంది. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏ మందు పడిందో చెప్పినట్లే, ఏది వేసుకున్నా తగ్గక విసిగిపోయామో కూడా దాచకుండా చెప్పడం మంచిది. ఆయనకు అది అవసరమైన సమాచారమే.

ఇక మనవైపు నుంచి చెయ్యగలిగింది కూడా ఒకటుంది. రేపు ఆపరేషను అనగా ఇవాళ పళ్ళసంచీతో పరామర్శకు వెళ్ళి, "మా ఆడబడుచు తోడికోడలికీ ఇదే ఆపరేషను, మూడు నెలలు మంచం దిగలేదమ్మా, ఆ నొప్పి పగవాళ్ళకు కూడా వద్దు" అనేవాళ్ళున్నారే, వాళ్ళు తేనెటీగను వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళే. త్వరగా కోలుకుని ఇంట్లో తిరుగుతున్న తోడికోడళ్ళు కూడా ప్రపంచంలో బోలెడుమంది ఉన్నారు. పరామర్శకు వెళ్ళినప్పుడు వాళ్ళ కబురు చెప్పి రావడానికి ఖర్చేమీ కాదు.